వసారాలో వెనకసీటు

"ఆ సీటు ఇక్కడికెందుకొచ్చింది?" అంది వెర్నా.

చర్చికి వేసుకెళ్లిన గౌను ఇంకా మార్చుకోలేదు. చేతిలో చిక్కుడుకాయల గిన్నె ఉంది. వసారాలో, ఊగుడు కుర్చీ ఉండాల్సిన చోట, ఆమె కారు వెనకసీటు గోడకి చేరగిలబడి ఉంది. చర్చి నుంచి వచ్చి గంట కాలేదు. వచ్చేటప్పుడు అత్తగారు ఆ సీటు మీదే కూర్చుని పాటల పుస్తకం విసనకర్రలా ఊపుకుంటూ వచ్చింది.

ఆమె మొగుడు హోయిట్ వాకిట్లో ఆ హడ్సన్ కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని, పగిలినా చెదరకుండా హెడ్‌లైట్ల అద్దాలకి అడ్డంగా నిలువుగా టేపు అంటిస్తున్నాడు.

"నిన్నే అడుగుతున్నది."

"బరువు తగ్గాలి కదా."

"ఎవరి బరువు?"

"బండిదే. పందేనికి ఒంటిగంటన్నరకల్లా అక్కడుండాలి."

వెర్నా గిన్నె గడప మీద పెట్టింది. పెట్టిన చప్పుడుకే ఆమె తమ్ముడు క్లీట్ పనిముట్ల పెట్టెలోకి తల దూర్చి, అక్కడేదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఆ కారు ఎవరి పేరు మీదుంది హోయిట్?"

"నీ పేరు మీదే."

"ఎనిమిదేళ్లు మేజోళ్ల మిల్లులో నిలబడి కొన్నాను. కాళ్లు వాచిపోయి కొన్నాను. నన్ను అడిగావా?"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"చచ్చినా ఒప్పుకోను."

"అందుకే అడగలేదు."

ఈ మాటకి క్లీట్ పెట్టెలోపలే నవ్వాడు. అక్క చూపు తగిలి నవ్వు మింగేశాడు.

"రూలు మారింది వెర్నా," అన్నాడు హోయిట్, ఈసారి బతిమాలే గొంతుతో. "పాత డొక్కు బళ్లకి ఈ ఏడాది చోటు లేదు. షోరూంలో ఎట్లా నిలబడిందో అట్లాగే ఉండాలంట. సీటు తీయొచ్చు, డిక్కీ ఖాళీ చేయొచ్చు, తలుపు ఊడకుండా బెల్టుతో కట్టుకోవచ్చు. అంతకుమించి ఒక్క బోల్టు మార్చినా బయటికి గెంటేస్తారు. జనానికి కావాల్సింది కూడా అదే. వాళ్లింటి ముందున్న బండే, వాళ్లు కోడిగుడ్లు తెచ్చుకునే బండే పందెంలో తిరగాలి. మన హడ్సన్ లాంటిది ఈ జిల్లాలో ఇంకోటి లేదు."

"జడ్జిగారు ఏమన్నారో మర్చిపోయావా?"

హోయిట్ టేపు కొరకడం ఆపాడు.

మర్చిపోలేదు, ఎట్లా మర్చిపోతాడు. సారా బండితో పట్టుబడిన రోజున జడ్జి అతనికి రెండేళ్ల శిక్ష రాసి, ఆ కాగితం సొరుగులో పెట్టాడు. మూడేళ్లలో మళ్లీ ఒక్క చుక్క మోశావని తెలిస్తే సొరుగు తీస్తాను, అట్లాంటా జైలుకి పంపిస్తాను అన్నాడు. అదే రోజు సాయంత్రం వెర్నా కూడా బైబిలు తెచ్చి భర్త ముందు పెట్టింది. ఇంకొక్కసారి మోశావంటే జైలుకి నువ్వు వెళ్లు, మా పుట్టింటికి నేను వెళ్తాను అంది. అతను చెయ్యి వేసి ప్రమాణం చేశాడు. మూడేళ్లలో ఇంకా నాలుగు నెలలు మిగిలాయి.

"పందెం తప్పని కోర్టు అనలేదు కదా," అన్నాడు హోయిట్.

"పందేనికీ సారాకీ ఎంత దూరం? ఆ మైదానంలో బండి తోలేవాళ్లలో సారా మోయనివాడు ఒక్కడి పేరు చెప్పు."

హోయిట్ నిజంగానే ఆలోచించాడు. "షార్లెట్ పట్నం నుంచి ఒకతను వస్తాడు... కిరాణా కొట్టతను."

"వాడు ఎప్పుడూ గెలవలేదు కదక్కా," అన్నాడు క్లీట్.

అది మాత్రం నిజం. మా కొండల్లో ఈ ఆట పుట్టిందే అట్లా. రోడ్డు మీద పోలీసులకి దొరకనివాళ్లందరూ ఒకరోజు, మనలో మనకి ఎవరు దొరకరో చూద్దాం అనుకున్నారు. ఎవరిదో ఆవులు మేసే బీడు దొరికింది. నాలుగు వారాలకి జనం వచ్చారు. ఎనిమిదో వారానికి కంచె వచ్చింది, టికెట్టు వచ్చింది, సోడాలు అమ్మేవాడు వచ్చాడు. ఇప్పుడు రూల్సు కూడా వచ్చాయి.

తెర తలుపు కిర్రుమంది. అత్తగారు ఒజెల్లా బయటికి వచ్చి, వసారాలో ఉన్న సీటుని అటూ ఇటూ చూసి, దాని మీద కూర్చుంది. అరవై నాలుగేళ్లు వచ్చినా వీపు వాల్చదు.

"ఆదివారం నాడు పందెమేంటిరా," అంది. "దేవుడు ఆరు రోజులు పని చేసి ఏడో రోజు ఊరుకున్నాడు. ఊరికే గుండ్రంగా తిరగలేదు."

"అమ్మా, కాసేపు లే. ఆ సీటు కొట్లో పెడతా."

"ఇక్కడే బాగుంది నాకు. నడుంకి హాయిగా ఉంది." అంతలో ఆమె చూపు కారు వెనక్కి పోయింది. "ఒరేయ్, ఆ సున్నం బస్తాల జోలికి వెళ్లకు."

హోయిట్ అప్పటికే డిక్కీ తెరిచాడు. లోపల రెండు బస్తాలు ఉన్నాయి.

"ఇవి ఫిబ్రవరి నుంచి ఊరేగుతున్నాయి కదమ్మా. కొండమీది చర్చి తోటకి ఇస్తానన్నావు."

"వానలు తగ్గాక వేస్తారట. గురువారం ప్రార్థనకి వెళ్లినప్పుడు ఇస్తాను. ఉన్నచోట ఉండనీ."

"బరువమ్మా!"

"ముడి విప్పకు అయితే. గాలికి పోతుంది."

గురువారం గురువారం ఒజెల్లా ఒక్కతే ఆ కారు తీసుకుని కొండమీది చర్చికి వెళ్తుంది. పొద్దున వెళ్లి సాయంత్రం దీపాల వేళకి వస్తుంది. కోడలికి అత్తగారితో ఎన్ని పేచీలున్నా ఈ భక్తి దగ్గర మాత్రం తలవంచేది.

వెర్నా విసవిసా లోపలికి వెళ్లిపోయింది. మగాళ్లిద్దరూ చెరో బస్తా ఎత్తి వసారాలోకి తెచ్చి సీటు పక్కన పడేశారు. వెనక్కి తిరిగేసరికి హడ్సన్ తోక జానెడు పైకి లేచి ఉంది.

ఇద్దరూ చూశారు. ఇద్దరికీ అర్థమైంది. కొండ పిల్లలకి నడక రాకముందే తెలిసే సంగతి అది. సారా ఎక్కిస్తే బండి వెనక భాగం కుంగుతుంది, కుంగిన బండిని ఇన్‌స్పెక్టరు మైలు దూరం నుంచే పసిగడతాడు. అందుకని బరువు మోసే వెనక కమాను స్ప్రింగుల్లో అదనంగా ఇనప పట్టీలు వేయిస్తారు. అప్పుడు సరుకున్నంతసేపూ బండి మర్యాదగా నిలబడుతుంది, సరుకు దిగగానే తోక ఎత్తుతుంది. అందుకని ఖాళీ రోజుల్లో బస్తాలు వేసుకుని తిరుగుతారు.

ఇది బావ పని, మళ్లీ మొదలెట్టాడు అనుకున్నాడు క్లీట్. ఇది బావమరిది పని, పందెంలో మలుపు దగ్గర బండి ఒరగకుండా వేశాడు, లేదా వాడే చాటుగా మోస్తున్నాడు అనుకున్నాడు హోయిట్. ఎవరూ ఎవర్నీ అడగలేదు. మా కొండల్లో ఒకడి బండి కింద ఏముందో రెండోవాడు అడగడు. తండ్రి కొడుకుని అడగడు. అడగకపోవడమే మాకు మర్యాద. ఈ మర్యాద ఎంతమంది కొంపలు ముంచిందో నేను లెక్క పెట్టలేదు గానీ, ఆ రోజు ఒక కొంప అంచుదాకా వచ్చింది.

"పోదామా?" అన్నాడు హోయిట్.

"పోదాం," అన్నాడు క్లీట్.

వెర్నా టోపీ పెట్టుకుని, పొట్లం కట్టిన కోడివేపుడు పట్టుకుని దిగి వచ్చింది. "జరగండి," అంది.

"నువ్వెక్కడికి?"

"నా కారు ఎక్కడికెళ్తే నేనూ అక్కడికే."

*

మైదానం అంతా ఎర్రమట్టి. అర మైలు చుట్టు. చెక్క మెట్ల మీద మిల్లు వాళ్లు, పొగాకు రైతులు, చర్చి టోపీలతో ఆడవాళ్లు. వెర్నా మూడో వరసలో తమ్ముడి పక్కన ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది.

వెనక వరసలో ఎక్సైజు ఇన్‌స్పెక్టరు స్టేమీ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాడు. ఏ ఆదివారమూ తప్పడు. మిగతా రోజుల్లో తాను దుమ్ము మాత్రమే చూసే బళ్లని ఇక్కడ తీరిగ్గా ముఖాముఖి చూడొచ్చని అంటాడు. తోలేవాళ్లు కూడా అతనికి టోపీ తీసి దండం పెడతారు.

"బాగున్నావా అమ్మా," అన్నాడు. "మీ ఆయన తోలుతుంటే చూడాల్సిందే, వర్లీ అబ్‌షర్ కొడుకు కదా. తండ్రి చెయ్యి ఎక్కడికి పోతుంది!"

"మా మామగారు చనిపోయి పదేళ్లయింది స్టేమీ గారూ."

"పదేళ్లయినా ఆ కొండ మలుపులో నాకు దొరకని బండి ఇంకా కళ్లల్లో ఉంది."

జెండా ఊపారు. ఇరవై రెండు బళ్లు ఒక్కసారి అరిచాయి. వెర్నా చెవులు మూసుకుంది. మొదటి మలుపులోనే దుమ్ము లేచి ఏ బండి ఏదో కనపడకుండా పోయింది.

కాసేపటికి ఆమె చేతులు చెవుల మీంచి జారాయి. ఆ అరుపుల మధ్య ఒక గొంతు ఆమెకి తెలుసు. మిగతావన్నీ ఎనిమిది సిలిండర్ల బళ్లు, గబగబా పోట్లాడుతున్నట్టు అరుస్తాయి. హడ్సన్‌ది ఆరు. బొంగురుగా, నిదానంగా, చర్చిలో మగాళ్లు పాడే చివరి వరసలా ఉంటుంది. గురువారాలు తప్ప రోజూ మిల్లుకి వెళ్లేటప్పుడు ఆమె కాళ్ల కింద పలికే గొంతు అదే.

"వస్తున్నాడు," అంది.

"ఎక్కడక్కా? దుమ్మే కదా అంతా!"

"వస్తున్నాడంటే వస్తున్నాడు. రెండో గేరులో ఉన్నాడు."

దుమ్ములోంచి హడ్సన్ పక్కకి జారుతూ బయటపడింది. ముందు చక్రాలు ఒకవైపు, బండి ఇంకోవైపు. మిగతా బళ్లు మలుపులో పడవల్లా ఒరుగుతుంటే ఇది మాత్రం బిగదీసుకుని తిరిగింది. ఒక ఫోర్డుని దాటింది. ఓల్డ్స్‌మొబైల్‌ని లోపలి వైపు నుంచి దాటింది. ముప్పయ్యో చుట్టుకి వెర్నా బల్ల మీద నిలబడి ఉంది. టోపీ ఎప్పుడు పడిపోయిందో తెలియదు.

"తొక్కు! తొక్కు హోయిట్! అది ఇంకా పోతుంది, నాకు తెలుసు, ఇంకా పోతుంది!"

పక్కనున్న ముసలాయన ఆమెకేసి చూసి, "మీ బండా అమ్మా?" అన్నాడు.

"నాదే!" అని అరిచింది. అన్నాక సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే మళ్లీ అరిచింది. ఇదే చిత్రం ఈ ఆటలో. గుర్రప్పందెంలో గుర్రం ఎవరో దొరగారిది. ఇక్కడ తిరుగుతున్నది నువ్వు నిన్న బంగాళాదుంపలు వేసుకొచ్చిన బండి.

ఆఖరిదైన నలభయ్యో చుట్టులో హోయిట్ గెలిచాడు.

*

కొత్త తనిఖీదారు పేరు ప్రెంటిస్. షార్లెట్ మనిషి. చొక్కా జేబులో మూడు పెన్సిళ్లు పెట్టుకుంటాడు. పాతతను ఇంజను మూత ఎత్తి చూసి చాలనేవాడు. ఇతను మాత్రం నేల మీద న్యూస్‌పేపరు పరిచి, దాని మీద వెల్లకిలా పడుకుని, హడ్సన్ వెనక భాగం కిందికి దూరాడు.

చాలాసేపు రాలేదు. చుట్టూ మూగినవాళ్ల కబుర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ప్రెంటిస్ బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. "వెనక కమాన్లలో ఫ్యాక్టరీ ఇచ్చేది ఆరు పట్టీలు. ఇక్కడ ఎనిమిదున్నాయి. ఎందుకు?"

మా కొండల్లో యాభై ఏళ్లుగా ఎవరూ ఎవర్నీ అడగని ప్రశ్న అది. ఊరికి కొత్తవాడు, తెలియక అడిగేశాడు.

జనంలోంచి స్టేమీ ముందుకొచ్చాడు. వేరుశనక్కాయల పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

హోయిట్ మొహం దుమ్ము కింద తెల్లబడింది. అతను క్లీట్ వైపు చూశాడు. క్లీట్ అతని వైపు చూశాడు. ఆ చూపులు వెర్నా చూసింది, అయిపోయింది అనుకుంది. బైబిలు మీద వేసిన చెయ్యి గుర్తొచ్చింది. అంత కోపం ఆమెకి జన్మలో రాలేదు. కానీ కోపానికి సాయంత్రం ఉంది. అట్లాంటాకి బస్సెక్కిస్తే రెండేళ్లు మనిషే ఉండడు.

"ఆ కారు నాది," అంది. "పట్టీలు నేనే వేయించాను."

ప్రెంటిస్ పెన్సిలు తీశాడు. "ఎందుకమ్మా?"

"సున్నం మోయడానికి. మా అత్తగారు కొండమీది చర్చి తోటకి సున్నం తోలిస్తున్నారు. బరువుకి వెనక కుంగి, వాగు దాటేటప్పుడు డిక్కీలోకి నీళ్లొస్తున్నాయి. పందేనికి తీసుకొస్తాడని నాకేం తెలుసు? మా ఆయనకి ఈ పట్టీల సంగతే తెలియదు."

క్లీట్ చొక్కా మీది దుమ్ము దులుపుకోవడం మొదలుపెట్టాడు.

"రూలు రూలే. గెలుపు చెల్లదు," అన్నాడు ప్రెంటిస్. జనం గోల పెట్టారు. ఒకడు సోడా సీసా విసిరాడు. హోయిట్ మాత్రం ఒక్క మాట అనలేదు. గెలుపు పోతే మాట్లాడని అబ్‌షర్‌ని ఎవరూ చూడలేదు. స్టేమీ అది కూడా గమనించాడు.

"సున్నమా అమ్మా," అన్నాడు మెల్లిగా. "మా ఆవిడ టమాటాలు అడుగు నుంచి కుళ్లిపోతున్నాయి. సున్నం వేయమంటున్నారు. సాయంత్రం మీ దారినే వెళ్తాను. కాస్త ఇస్తావా?"

"కాస్తేంటి, డబ్బాడు పట్టుకెళ్లండి."

"నీ మాట చాలమ్మా నాకు. మా పిల్లకి ఆదివారం బడిలో పది ఆజ్ఞలు నేర్పింది నువ్వే కదా." టోపీ సర్దుకున్నాడు. "అయినా వస్తాను."

*

ముందు సీట్లో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. వెనక ఖాళీ. గుంట వచ్చినప్పుడల్లా తోక ఎగిరి పడుతోంది.

"బైబిలు మీద చెయ్యేశావు," అంది వెర్నా.

"వేశాను. తప్పలేదు."

"మరి పట్టీలు ఎవరేశారు? దేవదూతలా?"

"నీ తమ్ముణ్ణి అడుగు."

"నన్నా!" క్లీట్ ఎగిరిపడ్డాడు. "నేను నువ్వేననుకున్నా బావా!"

"నేనా? పందెం కోసం నువ్వే వేశావనుకున్నా!"

"ఇంటి దగ్గర తోక లేచినప్పుడు చూశావుగా. నోరు తెరిచి అడగొచ్చు కదా!"

"నువ్వూ చూశావుగా. నువ్వెందుకడగలేదు?"

వెర్నా ఇద్దరి మధ్యా కూర్చుని రోడ్డుకేసి చూస్తోంది. "నాటకం బాగుంది," అంది. "దారిపొడుగునా ఆడండి. ఇద్దరిలో ఎవరో నాకనవసరం. ఆ ఇన్‌స్పెక్టరుకి సున్నం ఇచ్చి పంపించాక నేను పెట్టె సర్దుకుంటున్నాను."

"వెర్నా..."

"నూట యాభై మంది ముందు అబద్ధమాడాను హోయిట్. నా నోటితో. ఆ పిల్లలకి వచ్చే ఆదివారం ఏ మొహం పెట్టుకుని పాఠం చెప్పను?"

హోయిట్ చెయ్యి చాచాడు. ఆమె తన చెయ్యి తీసేసుకుంది.

ఇంటి ముందు కారు ఆగేసరికి అయిదున్నర. ఎండ ఇంకా తగ్గలేదు. ఒజెల్లా అదే సీటు మీద, అదే నిటారు వీపుతో, కోడలు వదిలేసి వెళ్లిన చిక్కుడుకాయలు విరుస్తూ ఉంది.

"గెలిచావా?" అంది కొడుకుని.

"గెలిచి ఓడానమ్మా."

వెర్నా సరాసరి బస్తాల దగ్గరికి వెళ్లింది. ఇన్‌స్పెక్టరు వచ్చేలోగా డబ్బా నింపి గుమ్మంలో పెట్టాలి, అతన్ని లోపలికి రానివ్వకూడదు. మొదటి బస్తా ముడి విప్పబోయింది. అది మామూలు ముడి కాదు, గోళ్లు విరిగాయి. పళ్లతో లాగింది.

"అది విప్పొద్దన్నానా," అంది ఒజెల్లా.

ముడి ఊడింది. వెర్నా చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు తీసింది. వేళ్ల సందుల్లోంచి గోధుమరంగు వాగు ఇసక జారిపోయింది.

రెండో బస్తాలో కూడా ఇసకే.

ఆమె మొగుడి వైపు తిరిగింది. హోయిట్ రెండు చేతులూ పైకెత్తి, "ఒట్టు వెర్నా, నాకు తెలియదు," అన్నాడు. అతను బస్తా వైపు చూడటం లేదు, తల్లి వైపు చూస్తున్నాడు. చిన్నప్పుడు తన బూట్ల తాళ్లకి వేసిన ముడి ఇప్పుడు గుర్తుపట్టాడు.

"అమ్మా. ఈ ఇసక నీకు ఎవరిచ్చారు?"

"ఎవరివ్వాలి? వాగులో బోలెడుంది."

"ఎవరు తోలారమ్మా బండి?"

"గురువారాలు ఎవరు తోలుతున్నారు?"

"నువ్వు ప్రార్థనకి కదా వెళ్లేది!"

"ప్రార్థన చేస్తూనే తోలాను. ఆ కొండ మలుపుల్లో ప్రార్థన చేయకుండా ఎవడు తోలగలడురా?"

క్లీట్ మెట్టు మీద కూలబడ్డాడు.

"అందరూ నాన్న చెయ్యి నాన్న చెయ్యి అంటారు..." అన్నాడు హోయిట్, పిల్లాడి గొంతుతో.

"మీ నాన్నకి కంచెకి గుద్దకుండా బండి వెనక్కి తీయడం రాదు. ఆయన సారా కాచేవాడు, అంతవరకే. తోలింది నేను. నువ్వు కడుపులో ఉన్నప్పుడు కూడా తోలాను. ఆ స్టేమీ ఇప్పటికీ కథలు చెప్పుకునే ఆ మలుపులో ఉన్నదీ నేనే." చిక్కుడుకాయ ఒకటి విరిచి గిన్నెలో వేసింది. "పట్టీలు కొండమీద కమ్మరి చేత వేయించాను. కింద దూరి ఎందుకని అడిగేవాడు పుడతాడనుకోలేదు. మనవాళ్లెవరూ అడగరు కదా."

"ఎందుకు అత్తయ్యా?" అంది వెర్నా. ఆ రోజు ఆ ప్రశ్న అడిగిన రెండో మనిషి ఆమె.

ఒజెల్లా మొదటిసారి కోడలి కళ్లల్లోకి చూసింది. "చలికాలంలో మీ మిల్లు పదకొండు వారాలు మూసేశారు. వీడికి పని లేదు. ఫిబ్రవరి నుంచి గడపలో పిండి బస్తా, ఉప్పుమాంసం ఎట్లా వచ్చాయనుకున్నావు? బైబిల్లో ఏలీయాకి తెచ్చినట్టు కాకులు తెచ్చాయా?"

"చర్చి పెద్దలు పంపారని..." వెర్నా ఆగిపోయింది. తను ఆ పెద్దలకి థాంక్స్ చెబుతూ రెండు పేజీల ఉత్తరం రాసింది.

"వాళ్లకి ఉత్తరం కూడా రాశావు. చదివి తెల్లబోయారు పాపం. అయినా కాదనలేదు, చూశావా."

వెర్నాకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆ రొట్టె తను తిన్నది. రోజూ దేవుడికి దండం పెట్టుకుని మరీ తిన్నది. మధ్యాహ్నం నుంచి మోస్తున్న కోపాన్ని ఎవరి మీద దించాలో తెలియలేదు. అంతలో ఆమె తల ఎత్తి చెవి రోడ్డు వైపు పెట్టింది.

"ఎనిమిది సిలిండర్లు," అంది.

మగాళ్లకి ఇంకా ఏమీ వినపడలేదు. కాసేపటికి కొండ కింద మలుపులో ఫోర్డు చప్పుడు వినిపించింది.

"ఇంట్లో సున్నం ఉందా?" అంది వెర్నా.

"చారెడు కూడా లేదు," అంది ఒజెల్లా. "ఊరుకో. నేను చెప్పేస్తాను. నన్నేం చేస్తారు, ముసలిదాన్ని."

"నువ్వు నోరెత్తకమ్మా. నేనే మోశానని చెప్తాను," అన్నాడు హోయిట్.

"నోరు మూసుకో. నీకు సొరుగులో రెండేళ్లున్నాయి."

"నువ్వు జైల్లో ఎట్లా ఉంటావే!"

"మీ నాన్నతో ముప్పయ్యేళ్లు ఉండలేదూ?"

"ఆపండి ఇద్దరూ," అంది వెర్నా. ఆమె బస్తా ముడి మళ్లీ కట్టలేదు. చేతికంటిన ఇసక గౌనుకి తుడుచుకుని సీటు దగ్గరికి వచ్చింది. "జరగండి అత్తయ్యా."

ఒజెల్లా జరిగింది. అత్తాకోడళ్లిద్దరూ కారు వెనకసీటు మీద పక్కపక్కన, ప్రయాణానికి కూర్చున్నట్టు కూర్చున్నారు.

ఫోర్డు ఆగింది. స్టేమీ చేతిలో ఖాళీ డబ్బాతో దిగాడు. హడ్సన్ తోక చూశాడు. నోరు తెరుచుకుని ఉన్న బస్తా చూశాడు. మెట్లెక్కి, వంగి, గుప్పెడు తీసి చూసి, మళ్లీ బస్తాలోనే జారవిడిచాడు.

ఒజెల్లా లేవబోయింది. వెర్నా ఆమె మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఇది ఇసక కదమ్మా," అన్నాడు స్టేమీ.

"ఇసకే. సున్నం ఇప్పుడు లేదు. గురువారం తెస్తాను."

"తెచ్చేది మీ అత్తగారా?"

"నేనే. ఈ గురువారం నుంచి బండి నేనే తోలుతున్నాను."

స్టేమీ ఇద్దరు ఆడవాళ్లనీ చాలాసేపు చూశాడు. ఒజెల్లా చేతుల దగ్గర అతని చూపు ఆగింది. పదేళ్ల కిందటి మలుపు ఏదో గుర్తొచ్చినవాడిలా నుదురు ముడిచాడు. తర్వాత ఖాళీ డబ్బాని వసారా గట్టు మీద బోర్లించాడు.

"అయితే డబ్బా ఇక్కడే ఉంచుతాను," అన్నాడు. "గురువారం నేను వాగు దగ్గరే ఉంటానమ్మా. పొద్దున్నించి."

ఫోర్డు కొండ దిగిపోయేదాకా ఎవరూ కదలలేదు.

"నీకు పిచ్చెక్కిందా వెర్నా?" అన్నాడు హోయిట్.

"నిజంగానే సున్నం తెస్తాను. ఆయనకి సున్నమే దొరుకుతుంది."

"గురువారం ఇరవై డబ్బాల సరుకు కొండమీద నాకోసం ఎదురుచూస్తుంటుంది," అంది ఒజెల్లా. "అది దించకపోతే కాచినవాడు ఊరుకోడు. మెట్లెక్కి ఇక్కడికే వస్తాడు. వాడికి టోపీ తీసే అలవాటు లేదు."

క్లీట్ అక్కవైపు చూశాడు. వెర్నా అత్తగారి మణికట్టు ఇంకా వదల్లేదు.

ఒజెల్లా మెల్లిగా తన చెయ్యి విడిపించుకుని, కోడలి చేతులు రెండూ తన ఒళ్లోకి తీసుకుని తిప్పి చూసింది. మిల్లు దారాలు కోసిన గీతలున్నాయి వేళ్ల నిండా.

"మలుపు వస్తే బ్రేకు తొక్కుతావా, గేరు దించుతావా?" అంది.